ఆమె తీయని ముఖం

గద్దని చంపినవాళ్ళు అతని కెమెరాని మాత్రం పదిలంగా పార్సెల్ చేసి వెనక్కి పంపారు. ఎంత మర్యాదస్తులో!

'గద్ద' అన్నది గూఢచారి శాఖ పెట్టిన పేరు. ఇంటి దగ్గర అతను నత్తకి బావ, సొంత అక్క మొగుడు. 'నత్త' కూడా శాఖ పెట్టిందే. ఇలాంటి పేర్లు పెట్టేవాడెవడో శాఖలో ఎవరికీ తెలీదు. తెలిస్తే ఊరుకునేవాళ్ళు కాదు.

శాఖ పెద్దాయన ఆ కెమెరాని బల్ల మీద నత్త వైపు నెట్టాడు. మోచేతంత లెన్స్.

"రేపు మధ్యాహ్నం స్టీమర్. పిల్లాజెల్లాతో నిండా జనం. దాన్ని ముంచడానికి విదేశీ ముఠా ఒకణ్ణి దింపింది. బాంబులు కట్టేవాడు. 'మేస్త్రీ' అంటారు."

"స్టీమర్ ఆపేస్తే?"

"ఇంకో స్టీమర్ చూసుకుంటాడు. వాడి ముఖం ఎవరికీ తెలీదు. ఫొటో ఉంటే రేవులో పట్టుకుంటాం."

"లోపల మనవాళ్ళు?"

"రాణి. వాళ్ళతో ఉంటూ మనకి పనిచేస్తోంది. మేస్త్రీ ఇంకా రాలేదంటోంది. కానీ వాడు రేవు ఎదురు హోటల్లో దిగాడని మీ బావ కబురు పంపాడు. మర్నాటికి మీ బావ లేడు."

నత్త కెమెరాలోని కార్డు తెరిచి చూశాడు. గోడలు, గేట్లు, మెట్లు, రేవు. గీత గీసినట్టు నిటారుగా, అద్దంలా స్పష్టంగా ఉన్నాయి. ఒక్క ఫొటోలోనూ మనిషి లేడు.

"సెలవులకొచ్చినవాడి వేషమేసినవాడు గోడలు తీస్తాడా సార్? పెళ్ళాన్ని నిలబెట్టి తీస్తాడు. తన బొటనవేలు తీస్తాడు. ఇంత బాగా తీశాడు కాబట్టే పోయాడు."

తప్పు బావది కాదు, శాఖది. ఏజెంట్ ముఖం ఏ ఫొటోలోనూ ఉండకూడదన్నది ఇక్కడి నిబంధన. మనుషుల్ని తప్పించి తీయడం వీళ్ళకి చేతికి అలవాటైపోతుంది. మొన్న అక్క అడిగింది, "ఆయన ముఖం మర్చిపోతానేమోరా, మీ ఆఫీసులో ఒక్క ఫొటో అయినా లేదా?" అని. లేదు. ఇంట్లోనూ లేదు. ఆ మాట చెప్పలేక నత్త ఆవేళ వెతికి చూస్తానన్నాడు.

స్టోర్ వాళ్ళు పెన్ను కెమెరా, గుండీ కెమెరా, కళ్ళజోడు కెమెరా తెచ్చి పరిచారు. నత్త అన్నిటికీ దండం పెట్టి బజారుకెళ్ళాడు.

"పెద్ద జూమ్ చూపించమంటారా?" అన్నాడు షాపతను.

"వద్దు."

"వైఫై?"

"అసలొద్దు. గాల్లోకి కబుర్లు పంపేది నాకొద్దు."

"మరేం కావాలండీ?"

"చొక్కా జేబులో పట్టాలి. నొక్కగానే తెరుచుకోవాలి. దారినపోయేవాడి చేతికిచ్చినా ఫొటో రావాలి."

"అయితే మా అత్తగారికి కొన్నదే ఇస్తాను. ఆవిడ చేతిలోనే ఇంకా పాడవలేదు," అన్నాడతను.

సాయంత్రంలోగా నత్త కార్డు నిండా చెత్త నింపాడు. కళ్ళు మూసుకున్న అక్క, సగం కుక్క, తన బూట్లు.

మర్నాడు రేవు ఎదురు హోటల్ డైనింగ్ హాల్లోకి నత్త బడిపంతులై దిగాడు. గడ్డి టోపీ, ముక్కు మీద తెల్లటి క్రీము, వదులు నిక్కరు. నల్ల కళ్ళద్దాలు, పట్టుబట్టలు, హాలంతా తలతిప్పి చూసే అందం - రాణి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"వెలుతురు బాగుందా మాస్టారూ?"

"మా ఆవిడ ఉంటే ఇంకా బాగుండేదండీ."

కోడ్ కుదిరింది. అంతలోనే ముఠా కాపలావాడు వచ్చి అడక్కుండానే కెమెరా లాక్కున్నాడు. ఒక్కో ఫొటో తిప్పాడు. అక్క దగ్గర ఆగాడు, బూట్ల దగ్గర పకపకా నవ్వాడు. "ఇదేం ఫొటోగ్రఫీ మాస్టారూ!" అని బల్ల మీద పడేసి పోయాడు.

"మేస్త్రీ ఇంకా రాలేదు. ఇవాళ రాడు," గుసగుసగా అంది రాణి.

"సరే. మేడమ్, నన్నొక ఫొటో తీసిపెడతారా?"

కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆమె రెండడుగులు పక్కకి జరిగి నొక్కింది. పియానో దగ్గర నిలబడ్డాడు. ఆమె మళ్ళీ జరిగింది. మెట్ల దగ్గరా అంతే.

నత్త కూర్చుని ఫొటోలు చూసుకున్నాడు. వైడ్ లెన్స్, సగం హాలు పట్టేస్తుంది. ముసలి దంపతులున్నారు, ఐస్‌క్రీమ్ పాప ఉంది, కాపలావాడూ ఉన్నాడు. మూల బల్ల దగ్గర పేపరు చదివే బట్టతలాయన మాత్రం ఎక్కడా లేడు. ఒకదాంట్లో స్తంభం అడ్డు, ఒకదాంట్లో పియానో మూత, ఇంకోదాంట్లో నత్త టోపీ. ఒకసారైతే యాదృచ్ఛికం అనుకోవచ్చు. మూడుసార్లూనా?

మేస్త్రీ ఎవరో, బావని అమ్మింది ఎవరో అప్పుడు తెలిసింది. గొంతు పిసికేయాలనిపించింది. పిసికితే స్టీమర్ మునుగుతుంది.

"ఇప్పుడు మీదొకటి మేడమ్!"

ఆమె చెయ్యి అడ్డం పెట్టేలోపే నొక్కేశాడు. ఫొటోలో ఓ మూల తన బొటనవేలు, పక్కన ఆమె సగం చెంప. అత్తగారి కెమెరా అందగత్తెని గాలికొదిలేసి, వెనక తలెత్తిన బట్టతల మీద ఫోకస్ పెట్టింది.

"బాగా రాలేదండీ," అన్నాడు నత్త. ఆ సమయంలో అతను చెప్పిన నిజం అదొక్కటే.

బయట టాక్సీ డ్రైవర్ మన మనిషి. చిల్లరతో పాటు కార్డు చేతులు మారింది. రేవులో నిచ్చెన లేపేస్తుండగా, పనిముట్ల పెట్టె పట్టుకుని చివరగా ఎక్కుతున్న బట్టతలాయన భుజం మీద ఎవరో చెయ్యి వేశారు. పెట్టెలోని బాంబు గడియారాన్ని ఆపినవాడు రెండు గ్లాసుల నీళ్ళు గటగటా తాగాడు.

రాణిని ఆ సాయంత్రమే పట్టుకున్నారు.

"ఎక్కడ దొరికాను?" అంది.

"చక్కగా తీశావు. అదే నీ కొంప ముంచింది," అన్నాడు నత్త. ఇంకేం మాట్లాడినా ఏడుపొస్తుందని లేచి వచ్చేశాడు.

ఇంటికెళ్ళి అక్కకి అంతా చెప్పాడు. అక్క చాలాసేపు ఏడ్చింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, కెమెరా అందుకుంది.

"నిలబడు. రేపు నీకేమన్నా అయితే, నీ ముఖం కూడా లేకుండా నేను బతకలేను."

"నిబంధన ఒప్పుకోదక్కా."

"నీ నిబంధనకి నిప్పెట్ట. నిలబడరా!"

నిలబడ్డాడు. అక్క తెర చూడకుండా తమ్ముడి ముఖమే చూస్తూ నొక్కింది.

ఫొటోలో చొక్కా ఉంది, గుండీలున్నాయి, మెడ దాకా అంతా స్పష్టంగా ఉంది. తల లేదు. శాఖకి ఎలాంటి అభ్యంతరమూ లేదు.