బెదరని చేపలు

మా దీవిలో షాదీపూర్ కింద నాలా మూతి దగ్గరికి పొద్దు వాలాక ఎవరూ వెళ్లరు. ఊరి మురుగంతా మడ చెట్ల మధ్య నుంచి వచ్చి సముద్రంలో కలిసే చోటది. కంపుకి భయపడి వెళ్లరేమో అనుకునేరు. నేను ఆఫీసులో ఫైళ్లు మోసి బతుకుతున్నా, మా నాన్న వల మీద బతికినవాడే. చేప దొరుకుతుందంటే కంపూ గింపూ చూసే రకం కాదు మావాళ్లు. అలాంటివాళ్లు అక్కడ వల వెయ్యడం మానేశారు.

ఎందుకంటే... అక్కడి చేపలు పారిపోవు.

చెయ్యి పెడితే చేతిలోకే వస్తాయి. కొంగ వచ్చి ఒకదాన్ని ముక్కున కరుచుకుంటే, పక్కది కదలకుండా చూస్తూ ఉంటుంది. కొంగకే విసుగొచ్చి ఎగిరిపోవాలి.

అదొక్కటే అయితే ఎలాగో సరిపెట్టుకునేవాళ్లం. కానీ చవితి చవితికి, చీకటి పడ్డాక, తెల్లబట్టల్లో ఒక ఆకారం... చిన్న వెలుగు... నీళ్లలోకి వంగి దేన్నో వెతుకుతుందట. చూసినవాళ్లు ఒకరు కాదు, ముగ్గురు.

అది మా వాడలో వల వేసే సూరయ్య భార్య, ఈమధ్యే పోయిన కాళమ్మేనని తేల్చేశారు. ఇలాంటివి తేల్చడానికి మావాళ్లకి ఒక్క పూట చాలు.

కాళమ్మ కేన్సరుతో ఏడాది పాటు మంచంలో ఉండి పోయింది. పోయినవాళ్ల మందులు ఇంట్లో ఉంచకూడదని మావాళ్ల పట్టింపు. పదో రోజున పారే నీళ్లలో వదిలేస్తారు. సూరయ్య కూడా సంచెడు మాత్రలు, సీసాలు తీసుకెళ్లి ఆ నాలాలో ఒంపేశాడు. నెల తిరగకుండా ఈ గొడవ మొదలైంది. మందుల కోసం వచ్చిందన్నారు. చేపల్ని జోకొట్టి పట్టుకుంటోందన్నారు.

సూరయ్య మాత్రం కాళమ్మ పోయినప్పటి నుంచి మనిషి మనిషిలా లేడు. ఏడవలేదు. టీ ఇస్తే తాగుతాడు, ఇవ్వకపోతే అడగడు. "పక్కనే ఉన్నాను, నిద్దరట్టేసింది, పొద్దున్న సూస్తే పోయింది" అని అడిగినవాళ్లందరికీ ఒకే ముక్క, ఒకే గొంతుతో చెప్పేవాడు. ఆమె పోయాక గడిచిన నాలుగు నెలల్లో అతనికి కోపం వచ్చింది ఒక్కసారే. "మీ ఆవిడ దెయ్యమై తిరుగుతోందటగా" అన్నందుకు మా వాడలోని శివాజీ చొక్కా పట్టుకున్నాడు. గుండీలు రెండు తెగాయి.

ఆ శివాజీయే పక్కనున్న చౌల్దారీ అనే ఊరి నుంచి అసిరయ్య అనే భూతవైద్యుణ్ణి మాట్లాడాడు. ఆదివారం వచ్చి మేకులు కొట్టి తరిమేస్తాడు. ఆ శుక్రవారమే చవితి.

సూరయ్యకి అప్పుడొక ఆలోచన పట్టుకుంది. ఒకవేళ... నిజంగా ఉంటే? ఆదివారం తరవాత ఇక ఉండదు. ఉన్నప్పుడే ఒక్క మాట అడగాలి.

ఇక్కడ ఐదున్నరకే చీకటి పడిపోతుంది. ఏడింటికి ఆటు పూర్తిగా లాగేసింది. ఒట్టి నాలా నీళ్లే సన్నగా పారుతున్నాయి. సూరయ్య మోకాలి లోతు బురదలో దిగాడు.

గాలి లేదు. కప్ప అరుపు కూడా లేదు.

నీళ్లలో చెయ్యి పెట్టాడు... ఒక చేప వచ్చి అరచేతిలో ఆగింది. ఇంకొకటి... ఇంకొకటి. వేళ్లు ముడిచినా కదలలేదు. అతనికీ భయం వెయ్యలేదు.

"కాళమ్మా..." అన్నాడు మెల్లగా. "నామీద కోపవేటే?"



నాలా మీది కల్వర్టు అవతల... మడ చెట్ల వెనక... వెలుగు కదిలింది. తెల్లగా ఒక ఆకారం నీళ్లలోకి వంగింది. సూరయ్య అటు నడిచాడు. పరుగెత్తలేదు, ఆగలేదు. నాలుగు బారల దూరంలోకి వెళ్లి మళ్లీ అడిగాడు—

"కోపవేటే నామీద?"

ఆకారం కెవ్వుమంది. చేతిలో సీసా బురదలో పడింది.

"హే భగవాన్! ఎవరు? కౌన్ హై?"

పింకీ. మా శేషయ్య మాస్టారి అమ్మాయి. ఇక్కడే పుట్టి పెరిగింది, మాటల్లో సగం హిందీ; కాలేజీలో ఎమ్మెస్సీ చదువుతోంది. ఒంటి మీద తెల్ల రెయిన్‌కోటు, నుదుటికి టార్చి. ఈ కథంతా నాకు చెప్పింది తనే.

"సూరయ్య అంకుల్! మీరా? జాన్ నికల్ గయీ... ప్రాణం పోయింది నాకు!"

"నువ్వా పాపా..." అన్నాడు సూరయ్య. ఆ గొంతులో ఏమీ లేదట. ఆశ పోయిన బాధ కూడా.

ఇద్దరూ కల్వర్టు గట్టు మీద కూర్చున్నారు. పదిహేను రోజులకోసారి ఆటు వేళకి వచ్చి పరీక్షకి నీళ్లు పట్టుకెళ్తున్నానని పింకీ చెప్పింది. చవితి నాడు ఆటు ఏడింటికి వస్తుంది, కాబట్టి చవితినాడే రావడం.

"నీళ్లలో మందులున్నాయి అంకుల్. నిద్ర మాత్రలు, నొప్పి మాత్రలు, నరాలవి... మనిషి వేసుకున్న మందు మొత్తం ఒంట్లో ఉండిపోదు. కొంత లెట్రిన్ నుంచి ఇక్కడికే వస్తుంది. అది తాగి తాగి చేపలకి డర్, అదే భయం, పోయింది. బస్, అంతే."

"నానొంపేసిన మందులేనా?"

"కాదు అంకుల్. మీవి ఒక్క పోటుకే పోయుంటాయి. ఇవి అందరి ఇళ్లవీ. రోజూ వచ్చేవి."

సూరయ్య నీళ్ల వైపు తిరిగాడు. "అయితే... అది లేదా ఇక్కడ?"

"నేను తప్ప ఎవరూ లేరు."

తరవాత పింకీయే అంది, "వీటిని తినకూడదు అంకుల్. ఎంత చెడు చేస్తాయో మాకే ఇంకా తెలీదు. మీవాళ్లకి రెండుసార్లు చెప్పాను. రిపోర్ట్ రానీ, చూద్దాం అని నవ్వారు."

"ఆదోరం దెయ్యాన్ని తరిమేస్తారు పాపా," అన్నాడు సూరయ్య. "సోమారం వలలు పడిపోతాయి."

ఆదివారం నేనూ వెళ్లాను. నిమ్మకాయలు, కోడిపుంజు, ఏడు మేకులు. అసిరయ్య కల్వర్టు మీద ముగ్గు వేసి, "ఎవులే నువ్వు? ఎవరి మనిషివి?" అని గద్దించాడు. జనం చుట్టూ నిలబడ్డారు.

వెనక నుంచి సూరయ్య వచ్చాడు.

"నా మనిషే. మొన్న సూసినాను. మాటాడింది."

శివాజీ నోరు వెళ్లబెట్టాడు. ఆ మాట అన్నందుకే కదా తన గుండీలు తెగింది!

"ఏటి కావాలంట?" అన్నాడు అసిరయ్య.

"ఏటీ వద్దంట. మేకులు కొట్టినా ఎల్లదంట. ఇక్కడ చేప తింటే ఊరుకోనంది."

"ఏటి కష్టం దానికి?"

సూరయ్య తల వంచుకున్నాడు.

"పేణం పోయే ముందు... మూడుసార్లు పిలిసిందంట నన్ను. నాను లెగలేదంట."

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అసిరయ్య మేకులు సంచిలో వేసేశాడు. మొగుడి మీద అలిగినదాన్ని మంత్రం కదిలించలేదన్నాడు. ఆ రోజు నుంచి ఇవాళ్టి వరకూ అక్కడ ఒక్క వల పడలేదు. మీకు దండం పెడతాను, ఈ సంగతి మావాళ్ల చెవిన వెయ్యకండి.

ఆ సాయంత్రం పింకీ సూరయ్య ఇంటికి వెళ్లింది. "థాంక్యూ అంకుల్. మీరు అంత సచ్చీగా, నిజంలా చెప్పారు, నేనే నమ్మేశాను! ఆ మూడుసార్లు పిలిచింది అనే మాట మీకెలా తట్టింది?"

సూరయ్య వల బాగుచేసుకుంటున్నాడట. తల ఎత్తలేదు.

"తట్టడవేటి పాపా. మూడుసార్లూ ఇనబడింది. లెగబుద్ధి కాలేదు."