మాంచెస్టర్ మిల్లు, నందిగామ మేనేజరు

"ఒక్క అబద్ధం చెప్పడానికి ఏం రోగం నీకు?"

జగ్గయ్యపేట బస్టాండు బయట నరేంద్ర బైకు తాళం లాగేసుకుని మరీ అడిగింది రాజ్యశ్రీ. చినుకులు మొదలయ్యాయి. గొడుగు తన నెత్తిన పట్టుకుని, అతన్ని హాయిగా తడవనిచ్చింది.

"ఏమని చెప్పమంటావ్?"

"ఆ పెళ్లికొడుకు తాగుతాడని చెప్పు. ఫొటోలో పెట్టుకున్న టోపీ కింద బట్టతల ఉందని చెప్పు. నాన్న వాకబు చేసి రమ్మంది నిన్నేగా!"

అదే నరేంద్ర దురదృష్టం. నందిగామ దాటాక ఉన్న ఇంజనీరింగ్ కాలేజీకి ఇద్దరూ ఒకే బస్సులో వెళ్లినన్నాళ్లూ ఆమెతో చెప్పాలనుకున్న మాట గొంతు దాటి రాలేదు. ఇప్పుడు ఆమె తండ్రి భవానీప్రసాద్ ఒక సంబంధం చూశాడు. పెళ్లికొడుకు సతీష్‌బాబు ఉండేది మాంచెస్టర్‌లో. నందిగామలో ఇంట్లో కూర్చుని మాంచెస్టర్ కంపెనీకి పనిచేసే నరేంద్ర కంటే వాకబుకు తగినవాడు ఎవడు?

"మనిషి బంగారం. సిగరెట్టు కూడా కాల్చడంట," అన్నాడు నీరసంగా.

"అయితే చేసేసుకోమంటావా?"

"అనడానికి నేనెవర్ని?"

"కరెక్టే. అది తేల్చుకుని ఆదివారం మా మిల్లుకి రా." తాళం అతని జేబులో పడేసి, గొడుగు తిప్పుకుంటూ వెళ్లిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం భవానీప్రసాద్ తన పత్తి జిన్నింగ్ మిల్లు ఆఫీసులో నరేంద్రను కూర్చోబెట్టి, ఫోన్లో ఫొటో చూపించాడు. ఎర్ర ఇటుకల పెద్ద భవనం, ఆకాశంలోకి పొగగొట్టం, ముందు సతీష్‌బాబు.

"చూశావా? మా తాత రోజుల నుంచీ మాంచెస్టర్ అంటే పత్తేనయ్యా! పిల్లాడి మకాం ఆ మిల్లులోనే. రేపు మన పత్తి బేళ్లు నేరుగా అక్కడికే!"

నరేంద్ర ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చూశాడు. ఆ భవనంలో ప్రతి కిటికీ అతనికి తెలుసు. వాకబులో ఉద్యోగం అడిగాడు, అలవాట్లు అడిగాడు. ఇల్లెక్కడో అడగలేదు.

"అది మిల్లేనండీ. కానీ ఆడటం మానేసి చాలా కాలమైంది. ఇప్పుడన్నీ ఫ్లాట్లు."

"మరి మాంచెస్టర్‌లో పత్తి?"

"తలగడల్లో ఉంటుందండీ."

తలుపు అవతల ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

"మరి ఊరంతా ఏం చేసి బతుకుతోందయ్యా?"

"కంప్యూటర్లు, టీవీ స్టూడియోలు, బ్యాంకులండీ. ఫుట్‌బాల్ ఉన్న రోజు ఊరంతా తిరునాళ్లే. చదువుకోడానికి ప్రపంచమంతా అక్కడే దిగుతుంది. వాళ్లందరికీ ఫ్లాట్లు అద్దెకివ్వడం పెద్ద వ్యాపారం."

భవానీప్రసాద్ ముఖం వానలో తడిసిన పత్తిలా అయిపోయింది. అంతలో వీడియో కాల్ మోగింది. సతీష్‌బాబు కనిపించాడు. ఉన్ని టోపీ, కోటు, పైన దుప్పటి.

"నమస్కారమండీ. ఏమనుకోకండి, పొద్దున్నుంచి హీటర్ పనిచేయట్లేదు."

"ఏ ఫ్లాటండీ మీది?" అలవాటుగా నోరు జారాడు నరేంద్ర.

నంబరు విన్నాడు. ఫోను తీసి రెండు బటన్లు నొక్కాడు. అవతల ఏదో గుర్రుమంది. సతీష్‌బాబు కళ్లు పెద్దవయ్యాయి.

"హీటర్ వచ్చేసింది! మెసేజీల్లో రిప్లై ఇచ్చే నరేంద్ర మీరేనా? ఫ్లాటు నంబరు తప్ప నా పేరు మీకు కనపడదు గానీ, నాకు మీరు బాగా తెలుసండీ!" టోపీ తీశాడు. జుట్టు దుబ్బుగా ఉంది. "సార్, ఈ బిల్డింగంతా ఈయన చేతిలోనే ఉంది. నీళ్లు, గేటు, అన్నీ."

భవానీప్రసాద్ మెల్లగా నరేంద్ర వైపు తిరిగాడు. "ఆ మిల్లుని నువ్వు నందిగామ నుంచి నడుపుతున్నావా?"

"ఓనర్లు వేరేనండీ. మా కంపెనీ తరఫున ఇంటి నుంచే నేను చూసుకుంటానంతే."

"సరే, నీ వాకబు సంగతి చెప్పు."

తలుపు కింద రాజ్యశ్రీ పాదాలు కనిపిస్తున్నాయి. ఒక్క అబద్ధం చాలు. కానీ ఎదురుగా ఆ కుర్రాడు ఎంత మంచిగా నవ్వుతున్నాడో!

"వంక పెట్టడానికేం లేదండీ. కానీ ఈ వాకబుకి నేను పనికిరాను. నాకు... రాజ్యశ్రీ అంటే ఇష్టం. కాలేజీ రోజుల నుంచీ."



"నేను లైన్లో ఉండనా, పెట్టెయ్యనా?" అన్నాడు సతీష్‌బాబు.

తలుపు ధడాలున తెరుచుకుంది. "ఉండండి సతీష్ గారూ! సాక్షి కావాలి. మళ్లీ మాట మారుస్తాడు!" అంది రాజ్యశ్రీ. బుగ్గలు ఎర్రబడ్డాయి, కళ్లలో మాత్రం విజయం.

భవానీప్రసాద్ కూతుర్ని చూశాడు. నరేంద్రను చూశాడు. చివరికి ఫోను దగ్గరగా పెట్టుకున్నాడు.

"బాబూ సతీష్, ఏమనుకోకు. ఈ నరేంద్ర మనిషెలాంటివాడు? నిజం చెప్పు."

సతీష్‌బాబు కొంటెగా నవ్వాడు. "మంచివాడేనండీ. తనకి నష్టమని తెలిసీ నా గురించి నిజమే చెప్పాడుగా! కానీ మా లిఫ్టు చెడిపోయి వారమైంది. రేపూ మాపూ అంటున్నాడు."

"విన్నావా?" భవానీప్రసాద్ గంభీరంగా అన్నాడు. "ముందు ఆ లిఫ్టు సంగతి చూడు. తర్వాత మీ అమ్మానాన్నల్ని తీసుకుని రా."

"ఆ వరస తిరగెయ్యి నాన్నా," అంది రాజ్యశ్రీ.