పాలతిన్నె మలుపులో వెలుగు

పాలతిన్నె మలుపు దగ్గర చీకట్లో బస్సు దిగేవాళ్లు లేరు. అర కిలోమీటరు ముందే దిగి, మంచులో కాళ్లీడ్చుకుంటూ పొలాలకి అడ్డంపడి పోతారు గానీ అక్కడ మాత్రం దిగరు. చీకటంటే అర్ధరాత్రి అనుకునేరు — మా ఫిన్లాండ్‌లో నవంబరు వచ్చిందంటే సాయంత్రం నాలుగింటికే కళ్లు పొడుచుకున్నా ఏమీ కానరాదు.

ఒకప్పుడు రైతులు పాల క్యాన్లు పెట్టే చెక్క తిన్నె అది. పాల లారీ రావడం మానేసి నలభై ఏళ్లయింది. చెక్క కుళ్లింది, వెనక బర్చ్ చెట్లు గుబురుగా లేచాయి. ఆ చెట్ల ముందు... మోకాలికి కాస్త పైన... ఒక వెలుగు ఊగుతుంది. బండి దీపాలు పడగానే తెల్లగా ఒక్క మెరుపు. బండి ఆపి దిగి చూస్తే — ఏమీ ఉండదు.

అక్కడ ఎవరో పోయారన్నారు. ఎవరని అడిగితే ఎవరికీ తెలీదు. నేను నమ్మలేదు. కాగితం మిల్లులో ముప్పై ఒక్క ఏళ్లు యూనియన్ తరఫున కొట్లాడినదాన్ని. చచ్చినవాళ్లు నన్నెప్పుడూ ఇబ్బంది పెట్టలేదు, బతికున్న మేనేజర్లే పెట్టారు.

ఇది బస్సు నడిపే తౌనో నాకు చెప్పిన సంగతి.

నవంబరు చివర్లో ఒక మంగళవారం. బస్సు ఖాళీ. నాలుగు దాటింది. మలుపు తిరిగాడు — మెరుపు. ఆరేళ్లుగా చూస్తున్నదే. ఆ రోజు మాత్రం వాడికి తిక్క రేగింది. బస్సు పక్కకి తీసి, టార్చి పట్టుకుని దిగాడు.

టార్చి దించితే చీకటి... ఎత్తితే మెరుపు... దించితే చీకటి.

దగ్గరికి పోయి చెయ్యి చాపాడు. చల్లగా, చిన్నగా ఏదో వేలికి తగిలింది. దారానికి వేలాడుతున్న ప్లాస్టిక్ బిళ్ల. మంచుపువ్వు ఆకారం. చీకట్లో నడిచేవాళ్లు డ్రైవర్లకి కనబడాలని మా దగ్గర ప్రతివాళ్ల కోటు జేబుకీ వేలాడే, దీపం పడితే మెరిసే బిళ్లే.

ఇంతేనా అని తిట్టుకుంటూ తెంపబోయాడు.

"తెంపకు, తౌనో..."

వెనకనుంచి. గుసగుసగా.

వాడి ప్రాణం పైకెళ్లి దిగొచ్చింది. తిన్నె పక్కన, చేతికర్ర మీద ఒరిగి, ఒక ముసలావిడ. వాడికి రెండో తరగతి చెప్పిన సిల్వీ టీచర్.

"టీచరమ్మా... మీరు బతికే ఉన్నారా?"

"ఉన్నట్టే ఉంది. నువ్వింకా బూతులు మానలేదన్నమాట."

బస్సెక్కించి కూర్చోబెట్టాక చెప్పిందట. మూడేళ్ల కిందట, కొట్టునుంచి నడిచొస్తుంటే సరిగ్గా అక్కడే వెనకనుంచి కారు గుద్దింది. ఆగలేదు. తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రిలో మాత్రం "మంచు మీద జారాను" అని రాయించింది.

ఎందుకంటే ఆ రోజు ఆవిడ కోటుకి బిళ్ల లేదు. కోటు కొత్తది, బిళ్ల పాతదానికే ఉండిపోయింది. ముప్పై ఎనిమిదేళ్లు పిల్లల్ని వరసలో నిలబెట్టి, బిళ్ల లేనివాణ్ణి బడి గుమ్మం దాటనివ్వని మనిషి. ఆ నోటితో ఇప్పుడు తనకే లేదని ఎలా చెప్పుకుంటుంది? ఇంకొకళ్లకి అలా కాకూడదని, కాస్త నడవగలిగిన రోజున వచ్చి అక్కడ ఒక బిళ్ల కట్టింది. దారం చీకిపోయినప్పుడల్లా మార్చి పోతోంది.

తౌనో ఆ రాత్రే నాకు ఫోన్ చేశాడు. "అక్కా, నువ్వొచ్చి మాట్లాడు. టీచరమ్మ తుంటికి మళ్లీ ఆపరేషన్ అంటున్నారట. మెట్లెక్కలేదు, సాయానికి మనిషిని పెట్టుకునే డబ్బూ లేదు. ఇలాగే ఉంటే ఇల్లొదిలి వృద్ధాశ్రమానికి పోవాల్సిందే."

వెళ్లాను. సిల్వీ కాఫీ పోసింది.

"తప్పు నాదే కదా, హిల్కా."

"నిన్నెవరడిగారు తప్పెవరిదని? నడిచిపోయేవాళ్లని బండి గుద్దితే బండి బీమా ఇవ్వాలి. ఒక బిళ్ల మర్చిపోయినంత మాత్రాన హక్కు పోదు."

"ఏ బండి? వాడు ఆగితే కదా."

"ఆగకపోయినా, దొరక్కపోయినా, ఒళ్లు విరిగినవాళ్లకి డబ్బిచ్చే బీమా కేంద్రం ఒకటుంది. మూడేళ్లలోపు అడగాలి. ఎప్పుడు గుద్దింది?"

గోడమీది క్యాలెండరు వైపు చూసింది. "వచ్చే సోమవారానికి మూడేళ్లు."

నాకు ఒళ్లు మండిపోయింది. మిల్లులోనూ ఇంతే. వేలు నలిగినవాడు రుమాలు చుట్టుకుని, "నేనే చూసుకోలేదు" అని తలొంచుకుని ఇంటికి పోయేవాడు. యాజమాన్యం నోరు విప్పే పనే లేదు, దెబ్బ తిన్నవాడే వాళ్ల తరఫున వాదించేవాడు. ఈ మాట వినీ వినీ అలసిపోయాను. తిట్టడానికి కూడా ఓపిక లేదు.

"జారానని రాయించానే. ఇప్పుడు అబద్ధాలకోరంటారు."

"అననీ. జరిగింది జరిగినట్టు రాయి. సిగ్గుపడి దాచానని కూడా రాయి."

సిల్వీ కప్పు పక్కకి జరిపింది. తర్వాత లేచి, సొరుగులోంచి చిన్న మూట తీసింది. గుడ్డలో చుట్టిన కారు అద్దం పెంకు. ఆ రోజు సరుకుల సంచిలో దొరికిందట. అబద్ధమైతే చెప్పింది గానీ, దాన్ని పారెయ్యలేకపోయింది.

గురువారం కూర్చుని ఫారం నింపాం. పోలీసులకీ చెప్పాం. చోటు ఫోటో జత చేద్దామని, తౌనో బండిలో ముగ్గురం మలుపు దగ్గరికి పోయాం. నాలుగున్నర. గాలి లేదు. మంచు మీద మా అడుగుల చప్పుడు తప్ప ఏదీ లేదు.

"ఇక్కడే పడ్డాను," అని కర్రతో చూపించింది సిల్వీ.

తౌనో ఫోన్ ఎత్తాడు. ఫ్లాష్ మెరిసింది.

వాడు ఫోటో చూశాడు. చూస్తూ ఉండిపోయాడు. ఫోన్ నా చేతికిచ్చాడు.

సిల్వీ కట్టిన మంచుపువ్వు తెల్లగా వెలుగుతోంది. దాని వెనక చెట్లలో... ఇంకో చుక్క. ఎడమవైపు ఇంకోటి. దానికవతల, పసుపుబారి, ఇంకో రెండు.

"టీచరమ్మా... ఎన్ని కట్టారు?"

"ఒక్కటే."

"మీది మూడేళ్లది. నేనీ మెరుపు చూస్తున్నది ఆరేళ్లుగా," అన్నాడు తౌనో, ఎవరైనా వింటారేమో అన్నట్టు గొంతు తగ్గించి.

టార్చి వేసి దగ్గరికి పోయాం. ప్రతిదానికీ దారం. ప్రతిదానికీ ముడి. ఒకటి ఎలుగుబంటి బొమ్మ — మా నడుము ఎత్తుకి కూడా రాదు. చిన్నపిల్లల కోటు జేబు ఎత్తులో ఉంది.

సిల్వీ దాని ముందు వంగి, చాలాసేపు చూసింది. "ఇది నేను బడిలో పంచిన రకం," అంది.

ఫారం శుక్రవారం పంపాం. ఫిబ్రవరిలో బీమా కేంద్రం నుంచి ఒప్పుకుంటూ ఉత్తరం వచ్చింది. ఆ డబ్బు ఆసరాతో సిల్వీ తన ఇంట్లోనే ఉంది. మిగతా నాలుగు బిళ్లలు ఎవరివని ఊరంతా అడిగాను. వాళ్లూ సిల్వీలాగే దెబ్బ తిని, సిగ్గుపడి దాచినవాళ్లే అయ్యుంటారు, ఎవరూ పలకలేదు.

వాళ్లకోసం నాలుగు ఫారాలు నా సంచిలో ఉన్నాయి. పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. చీకటి పడ్డాక మలుపు దాటుతుంటే... అవి మెరుస్తూనే ఉన్నాయి.