గడప మీద తెల్ల చార

అసిమీనా సంచి సర్దుకుంటోంది. నల్ల గౌను, ఉన్ని శాలువా, మేజోళ్ళు, పోయిన మొగుడి ఫొటో. యుద్ధంలో విధవరాలై తమ్ముడి ఇంటికి వచ్చినప్పుడు చేత పట్టుకొచ్చిన సంచే అది. వంటింట్లో మరదలు పొలిక్సేని చూస్తూనే, చూడనట్టు రొట్టెపిండి మర్దిస్తోంది.

మెసోలోంగి ఊళ్ళో ఉప్పుమళ్ళ మీదుగా వచ్చే గాలి రోజూలాగే కిటికీ అద్దాలకు తెల్లటి పొర పట్టించింది. తమ్ముడు స్టాథిస్‌కు ఆ మళ్ళలోనే పని. అతను ఇవాళ పనికి వెళ్ళలేదు. టోపీ చేతిలో నలుపుతూ గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, ఈ ఇంట్లో నీకేం తక్కువైంది?"

"ఏం తక్కువ కాలేదురా. కెఫలోనియా దీవిలో మా ఆయన చెల్లెలు తియోదోరాకి కాళ్ళు పడిపోయాయి. లేపి కూర్చోబెట్టే దిక్కు లేదు. వెళ్ళనీ నన్ను."

"ఆ తియోదోరా పిన్ని నోరు విప్పితే మేకులు రాలతాయని నువ్వే అన్నావుగా అత్తా," అంది స్టాథిస్ కూతురు మారిగో.

"రాలనీ. ఏరుకుని అమ్ముకుంటాను."

మారిగో నవ్వబోయి ఏడ్చేసింది. పొలిక్సేని పిండిని ఇంకా గట్టిగా గుద్దింది.

ఆడపడుచు మీద ఆమెకు చెప్పుకోదగ్గ తగువేమీ లేదు. అదే ఆమె బాధ. ఏదైనా ఉంటే ఒకసారి అరిచి కడుపుబరువు దించుకునేది. చేప జనలకు, అంటే గుడ్ల తిత్తులకు, ఉప్పు పట్టించే రోజు వస్తే స్టాథిస్, "అక్క చెయ్యి పడనీ," అంటాడు. పులుసు నోట పెట్టుకుని, "చప్పగా ఉంది, అక్కా, నువ్వు చూడు," అంటాడు. మారిగోకి చెవిపోటు వస్తే వేయించిన ఉప్పు మూటగట్టి కాపడానికి అత్తే రావాలి. కాపురానికి వచ్చిన ఇంట్లో ఉప్పుజాడీ మీద పొలిక్సేని చెయ్యి ఎప్పుడూ రెండోదే.

కదలని చుట్టాన్ని కదిలించాలంటే ఆ ఊరి ఆడవాళ్ళకు ఒక ఉపాయం తెలుసు. కూర్చునే కుర్చీ కింద, ఎవరూ చూడకుండా, చిటికెడు ఉప్పు. కిందటి చలికాలం నుంచి శనివారం ఇల్లు ఊడ్చిన తర్వాత పొలిక్సేని ఆ పని చేస్తూనే ఉంది. వసంతం రాగానే తియోదోరా దగ్గర్నుంచి కబురు వచ్చింది. అసిమీనా వెళ్తానంది. ఆ రాత్రి పొలిక్సేనికి సంతోషంతో నిద్ర పట్టలేదు. సంతోషమే అనుకుంది.

సంచి మూసేముందు అసిమీనా జేబులోంచి చిన్న గుడ్డమూట తీసింది.

"ఇది కూడా పెట్టుకుంటున్నాను పోలీ. మీ ఇంటి ఉప్పు. నా కుర్చీ కింద దొరికింది, వారం వారం ఏరి దాచుకున్నాను. నాకు దిష్టి తగలకుండా వేశావు కదూ."

పొలిక్సేని చేతులు పిండిలోనే ఆగిపోయాయి.

"దిష్టికైతే జేబులో వేస్తారు," అంది మారిగో నెమ్మదిగా. "కుర్చీ కింద ఎందుకు వేస్తారో నాకు తెలుసు. అమ్మా, నువ్వేనా?"

స్టాథిస్ భార్య వైపు తిరిగాడు. "పొలిక్సేనీ?"

"దిష్టికేలేరా," అంది అసిమీనా. "పడవ వేళవుతోంది. సంచి అందుకో."

అబద్ధం నోటిదాకా వచ్చింది పొలిక్సేనికి. ఆడపడుచే అందించింది, అందుకుంటే చాలు. కానీ ఆ మూట చూస్తూ ఆ మాట చెప్పలేకపోయింది. అన్ని శనివారాలూ ఆ మనిషి మోకాళ్ళ మీద వంగి, పలుకు పలుకూ ఏరుకుంది.

"నిన్ను పంపించడానికే వేశాను వదినా," అంది.

అసిమీనా వచ్చి మరదలి చేతుల పిండి తన నడుముకు కట్టుకున్న గుడ్డతో తుడిచింది.

"తెలుసు పిచ్చిదానా. మా అత్తగారి కుర్చీ కింద నేను గుప్పెళ్ళతో పోశాను. తొంభై ఏళ్ళు బతికింది, అదే కుర్చీలో."

"మరి తెలిసీ ఎందుకు వెళ్తున్నావు?"

"ఉండమని నువ్వు ఒక్కసారైనా అంటావేమోనని చూశాను."

"ఇప్పుడంటున్నాను. ఉండు వదినా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఇప్పటికే మాటిచ్చేశాను. తియోదోరా మంచంలో పడి నా దారి చూస్తుంటుంది." ఆమె ఉప్పుమూట సంచిలో పెట్టి మూసింది. "కలిసి రొట్టే ఉప్పూ తిన్నవాళ్ళం, ఎక్కడికి పోతాను? ఆగస్టులో మేరీమాత పండగకి వస్తాను. జనల కాలం కూడా అదే. ఈలోగా పులుసుకి ఉప్పు నువ్వే వెయ్యి. నీ చెయ్యి మంచిదే. వీడేమంటాడోనని భయపడి తక్కువ వేస్తావు, అంతే."

పొలిక్సేని ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకోవడం అదే మొదలు.

తండ్రీ కూతుళ్ళు సంచి పట్టుకుని ముందు నడిచారు. అసిమీనా వీధి మలుపు చేరుతుండగా పొలిక్సేనికి గుర్తొచ్చింది. వెళ్ళే మనిషి వెనక నీళ్ళు పొయ్యాలి. దారి నీళ్ళలా సాఫీగా సాగి, మనిషి మళ్ళీ ఇంటికి చేరుతుందంటారు. వంటింట్లోకి పరుగెత్తి, పొయ్యి పక్కనున్న కూజా ఎత్తుకొచ్చి, గడప మీద మొత్తం ఒంపేసింది. అసిమీనా వెనక్కి తిరిగి చూసి నవ్వింది. చెయ్యి ఊపింది.

మధ్యాహ్నం ఎండకి గడప ఆరింది. రాయి మీద తెల్ల చార తేలింది. పొలిక్సేని వేలితో తాకి నాలిక మీద పెట్టుకుంది. పరుగున లోపలికి వెళ్ళి చూసింది. మంచినీళ్ళ కూజా నిండుగానే ఉంది. ఖాళీ అయింది ఆలివ్ కాయలకని తను తెల్లవారుజామున కలిపిన ఉప్పునీళ్ళది. తిరిగి రావాల్సిన మనిషి వెనక, పంపించేసే ఉప్పు పోసింది.

బకెట్ల కొద్దీ నీళ్ళు తెచ్చి కడిగింది. కొబ్బరిపీచు బ్రష్షుతో రుద్దింది. పని నుంచి వచ్చే దారిలో పక్కింటి ఆవిడ ఆగి, "పండగేమైనా ఉందా?" అని అడిగితే, "ఆగస్టులో ఉంది," అంది. రాయి మళ్ళీ ఆరింది, చార మళ్ళీ తేలింది. ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు పులుసులో ఉప్పు సరిగానే పడింది. స్టాథిస్ మారు వడ్డించమన్నాడు. జూలైలో పొలిక్సేని అసిమీనా పరుపు ఎండబెట్టి, కుర్చీ కాళ్ళు బిగించి, కింద నేల రెండుసార్లు తుడిచింది.

1953 ఆగస్టు పన్నెండున, పండగ మూడు రోజులుందనగా, కెఫలోనియాలో పెద్ద భూకంపం వచ్చింది. అసిమీనా తిరిగి రాలేదు.