ఏడో గడిలో టిక్కు

కృష్ణయ్య ఏ కారు కిందికి దూరినా ముందు రెండు నల్లరాళ్లు దన్నుగా పెట్టుకునేవాడు. జాకీని నమ్మేవాడు కాదు. కొత్తకోట హైవే మీది షెడ్డులో ఇరవై రెండేళ్లుగా అదే అలవాటు. 1993 మే తొమ్మిదో తారీఖు ఉదయం మాత్రం అతని ఛాతీ మీద ఒక తెల్ల కాంటెస్సా కారు పడి ఉంది. జాకీ జారిందని పంచనామాలో రాశారు. ఆ రెండు రాళ్లూ గోడవార ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. వాటి మీది దుమ్ము కూడా చెదరలేదు.

కృష్ణయ్య మెకానిక్. అయితే నిఘా డిపార్ట్‌మెంట్ ఫైళ్లలో అతనికి ఇంకో పేరుంది. స్పానర్.

మూడో రోజు పొద్దున్నే నల్లగొండలో సకీనా చెప్పులు వేసుకుంటోంది. తల్లి ఇక్బాల్ బీ ఆకుపచ్చ గుడ్డపేలిక పట్టుకుని గుమ్మానికి అడ్డం నిలబడింది.

"అమ్మీ, కొత్తకోట దాకనే. రేపటికల్లా వచ్చేస్త."

"బషీర్ గూడ గట్లనే అన్నడు. చెయ్యి ఇటియ్యి."

గుడ్డలో రూపాయి బిళ్ళ చుట్టి, దువా చదివి, కూతురి కుడి జబ్బకు కట్టింది. ఇమామ్ జామిన్. దూరం పోయేవాళ్ల పూచీ ఇమామ్ మీద పెట్టి పంపడం. క్షేమంగా చేరాక ముడి విప్పి ఆ బిళ్ళను పేదలకు ఇచ్చేయాలి. నాలుగేళ్ల కింద సకీనా అన్న బషీర్ ఇదే డిపార్ట్‌మెంట్ పని మీద పోతూ, బస్సుకు టైమైందని ముడి కట్టించుకోకుండానే పరుగెత్తాడు. మనిషీ రాలేదు, శవమూ రాలేదు. అప్పటినుంచి ఇక్బాల్ బీ కూతురు చిట్యాల పోయినా సరే జామిన్ కట్టకుండా గడప దాటనివ్వదు.

సందు మలుపులో సకీనా వెనక్కి తిరిగి చూసింది. తల్లి ఇంకా అక్కడే ఉంది. చూడకుండా ఉండాల్సింది అనుకుంది. చూసిన ప్రతిసారీ ఇదే ఆఖరుసారేమో అనిపిస్తుంది.

చిట్యాల హైవే పక్కన టీ హోటల్. వెనక బల్ల దగ్గర గళ్ల లుంగీలో, తలకు తువ్వాలతో ఒక లారీ డ్రైవరు టీ ఊదుకుంటున్నాడు.

"ముంజలు లేతగున్నయా?" అన్నాడు తలెత్తకుండా.

"ముదిరినయి. కల్లు దొరుకుతదేమో అడుగుండ్రి."

డ్రైవరు పక్కకు జరిగి చోటిచ్చాడు. అతను రఘుపతి. సకీనా చీఫ్.

"జర మనసు పెట్టి విను," అన్నాడు. "హార్పర్ అనే విదేశీయుడు హైదరాబాద్‌ల కృష్ణయ్య మీద పడ్డ గా కారును కిరాయికి తీసుకుండు. గోల్డ్ కార్డు మీద. కొత్తకోట దగ్గర చెట్టుకు గుద్దిండు. ఈ ఏడాది గిది నాలుగో కారు. నలుగురు మనుషులు, నాలుగు కార్డులు, అన్నిట్ల ఎడమ దిక్కు హెడ్‌లైటే పగిలింది."

"దాంతో ఏమొస్తది సార్?"

"వాళ్ల దేశం కార్డుకు ఒక సౌకర్యముంది. దేశం కాని దేశంల కారు కిరాయికి తీసుకున్నా, దెబ్బ తగిలితే కార్డు బీమానే కడ్తది. సర్వేయర్ వస్తడు. ఫొటోలు తీస్తడు. పగిలిన సామాను సాక్ష్యమని పట్టుకపోతడు. కాగితాలు సరిగుంటే కస్టమ్స్ వాళ్లు డబ్బా విప్పరు."

సకీనా హోటల్ వాకిలి వైపు ఒకసారి చూసి దగ్గరికి జరిగింది.

"లైటుల ఏమున్నది?"

"రాడార్ డ్రాయింగుల ఫిల్మ్. లైటుల లైటు కానిదేందో ఉంది సార్ అని కృష్ణయ్య ఫోన్ చేసిండు. తెల్లారేసరికి లేడు. అంటే మన ఆఫీసుల నుంచే పొక్కింది. ఎవరో తెల్వదు."

"షెడ్డు మీద పడి లైటు గుంజుకోవచ్చు కద సార్?"

"అప్పటికే తీసేసి ఉంటే? రుజువు లేకుండ విదేశీయుని మీద చెయ్యేస్తే ఢిల్లీల మన మెడలే వంగుతయి. నువ్వు కిరాయి కంపెనీ క్లర్కువు. క్లెయిమ్ ఫారం మీద నీ స్టాంపు పడందే సర్వేయర్ కదలలేడు. ఫిల్మ్ యాడుందో చూడు. మన లాడ్లీ బేగం నీతోని వస్తది."

అతను ఫారం చేతికిచ్చాడు. సకీనా అక్కడే రెండుసార్లు చదివింది. వెనక పేజీలో చీమల్లాంటి అక్షరాల్లో షరతులు. కిరాయి మొత్తం కార్డు మీదే కట్టాలి. అగ్రిమెంట్‌లో పేరున్నవాడే నడపాలి. కిరాయి కంపెనీ ఇవ్వజూపే బీమాను వద్దనాలి. దాన్ని తీసుకుంటే కార్డు బీమా చెల్లదు. ముందు పేజీలో ఏడో గడి దానికే. 'కంపెనీ బీమా: తీసుకున్నారు / వద్దన్నారు.'

"నన్నెందుకు పంపుతున్నరు సార్? నాకు భయమెక్కువ."

"అందుకే. ధైర్యమున్నోడు కాగితం ఒక్కసారి గూడ చదువడు."

లాడ్లీ బేగం కారు నడుపుతోంది. నల్ల కళ్లద్దాలు, లేత గులాబీ రంగు చీర, మోచేతుల కింది దాకా తెల్లని పల్చని జాకెట్టు. ఆర్నెల్లుగా డిపార్ట్‌మెంట్ తరఫున హార్పర్ ఆఫీసులో సెక్రటరీగా నటిస్తోంది. ఆమె నవ్వితే చెక్‌పోస్టులో జవాన్లు కాగితాలు అడగడం మరిచిపోయారు.

షాద్‌నగర్ దాటాక సకీనా జబ్బ మీది ముడి ఆమె కంటబడింది.

"యా అల్లా! కొత్తకోటకు గూడ జామినా?" పకపకా నవ్వింది. "మా అమ్మీ అయితే దేశం దాటేటోళ్లకే కడ్తది. మా మామకు జిద్దా పోయేటప్పుడు కట్టింది, అంతే."

"మా అమ్మీకి ఫికర్ ఎక్కువ ఆపా."

"ఫికర్ కాదు పిల్లా, పిచ్చి."

సకీనా కూడా నవ్వింది. నవ్వుతూనే ముడి మీద చేయి వేసుకుంది.

కొత్తకోట చేరేసరికి పదకొండు. ఎండకు రోడ్డు మీద తారు కరుగుతోంది. షెడ్డులో పోచయ్య అనే కొత్త మెకానిక్ ఉన్నాడు. కృష్ణయ్య చచ్చిన మర్నాడే పనిలో చేరాడట. మాటాడుతుంటే ఇనుప రాడ్డు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటున్నాడు. సర్వేయర్ ఫ్రీమాన్ బయట టాక్సీలో కూర్చుని రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. అతని ఒళ్లో ఒక అట్టపెట్టె ఉంది. హెడ్‌లైటు అప్పుడే పెట్టెలోకి పోయింది. కారుకు ఎడమవైపు ఖాళీ గుంత మిగిలింది.

సకీనా గుంతలో చేయి పెట్టింది. సీట్ల కింద వెతికింది. ఏమీ లేదు. ఉంటే ఆ పెట్టెలోనే ఉండాలి. ఎలా విప్పించడం?

"జర ఈ బానెట్ పట్టుకో ఆపా," అంది.

లాడ్లీ బేగం రెండు చేతులా బానెట్ పైకెత్తింది. చెమటకు పల్చని జాకెట్టు చేతికి అంటుకుపోయింది. కుడి జబ్బ మీద, తెల్లబట్ట కింద, ఆకుపచ్చగా ఒక ముడి కనిపించింది. కొత్త గుడ్డ. లోపల గుండ్రంగా బిళ్ళ.

దేశం దాటేటోళ్లకే కడ్తది.

సకీనా చూపు అక్కడ ఒక్క క్షణం ఎక్కువ నిలిచింది. ఆ ఒక్క క్షణమే తప్పయింది. లాడ్లీ బేగం తన జబ్బ వైపు చూసుకుంది. బానెట్ దభీమని మూసింది. చేతిసంచిలోంచి చిన్న పిస్తోలు బయటికొచ్చింది.

"చూసినవా?"

"చూసిన ఆపా."

"ముసల్ది మొండికేసింది. కట్టించుకోకుంటే పోనియ్య అని వాకిట్ల కూసుంది." లాడ్లీ బేగం గొంతులో మొదటిసారి నవ్వు లేదు. "ఆర్నెల్లు రఘుపతిని మోసం చేసిన. గా ముసల్దాన్ని చెయ్యలేకపోయిన."

"కృష్ణయ్యను..."

"ఆ రాత్రి రిపోర్టు ఇయ్యనీకి మన ఆఫీసుకు పోయిన. ఫోన్ ఎత్తింది నేనే. రఘుపతికి తర్వాత కలిపిన."

"మా అన్న బషీర్. నాలుగేండ్లయింది. ఆయన యాడున్నడో తెల్సా?"

"తెల్వదు. ఒట్టు, నాకు తెల్వదు. ఫారం తియ్యి. స్టాంపు కొట్టు."

సకీనా ఫారం బానెట్ మీద పరిచింది. పేరు, తారీఖు, కారు నంబరు. ఏడో గడి. పిస్తోలు మూతి చెవి పక్కన వేడిగా ఉంది. ఎండకు కాగిన ఇనుము. వద్దన్నారు అన్నచోట టిక్కు పెడితే పెట్టె విమానం ఎక్కుతుంది. పెట్టకపోతే తన పని ఇక్కడే అయిపోతుంది. కళ్ల ముందు గుమ్మంలో తల్లి కనిపించింది.

'తీసుకున్నారు' అన్నచోట టిక్కు పెట్టింది.

లాడ్లీ బేగం కాగితం లాక్కుని పై నుంచి కింది దాకా చూసింది. వేలు ఏడో గడి దగ్గర ఆగింది.

"ఇదేంది?"

"బీమా ఉన్నదా లేదా అని, ఆపా."

"ఉన్నదని పెట్టినవా?"

"ఉన్నదనే పెట్టిన."

"మంచిగ." వెనక పేజీ తిప్పలేదు. బయట టాక్సీ హారన్ మోగింది. ఫ్రీమాన్ కాగితం అందుకుని స్టాంపు మాత్రం చూసుకుని జేబులో పెట్టుకున్నాడు. బీమావాడి వేషం వేసుకున్నాడే తప్ప ఏ బీమా పాలసీనీ చదివిన మనిషి కాదు.

పోచయ్య సకీనా చేతులు వెనక్కి విరిచి కుర్చీకి కట్టాడు.

"ఇప్పుడే వద్దు," అంది లాడ్లీ బేగం. "కాగితంల తేడా వస్తే దీని సంతకం మళ్ల కావాలె. విమానం నాలుగున్నరకు. ఎక్కేముందు ఇక్కడికి ఫోన్ చేస్త. ఫోన్ మోగితే నీ పని నువ్వు చెయ్యి."

పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగింది. వెనక్కి తిరగలేదు.

షెడ్డు మూలన గూట్లో నల్ల ఫోన్ ఉంది. సకీనా దాన్నే చూస్తూ కూర్చుంది. ఆమె ఎడమ చేతికి పన్నెండు గాజులు. పదకొండు మట్టిగాజులు. పన్నెండోది డిపార్ట్‌మెంట్‌ది. పైకి గాజే, లోపల రంపపు తీగ. పోచయ్య బీడీ వెలిగించినప్పుడల్లా తాడు మీద దాన్ని రుద్దింది. అతను తిరిగినప్పుడల్లా ఆపింది.

ఒంటిగంట. రెండు. రేకుల కప్పు టపటపలాడుతోంది. మూడు. తాడు సగం కూడా తెగలేదు. వేళ్లు నెత్తురుతో జారుతున్నాయి.

"మందు ఏమన్న తాగుతవా బిడ్డా?" అన్నాడు పోచయ్య. "నొప్పి తెల్వదు." అతను దయగానే అడిగాడు. అది విన్నాక సకీనాకు పళ్లు టకటకా కొట్టుకున్నాయి.

నాలుగు. నాలుగుంబావు. మోగవద్దు, మోగవద్దు అని గొణుక్కుంది. మోగకపోతే పెట్టె ఆగినట్టు. మోగితే డ్రాయింగులూ పోయినట్టే, తనూ పోయినట్టే.

నాలుగూ ఇరవై ఎనిమిదికి ఫోన్ మోగింది.

పోచయ్య బీడీ ఆర్పాడు. రాడ్డు చేతిలోకి తీసుకుని, ఫోన్ ఎత్తాడు. "ఆఁ... ఆఁ..." సకీనా వైపు చూశాడు. ఆమె ఒక్కసారి గుంజింది. ఒక చేయి తాడులోంచి ఊడి వచ్చింది. రెండోది రాలేదు. కుర్చీతో సహా పక్కకు పడిపోయింది. కళ్లు మూసుకుంది.

రాడ్డు కింద పడిన చప్పుడు.

"నీకేనంట," అన్నాడు పోచయ్య. అతని ముఖం సున్నంలా ఉంది. రిసీవరు తీగ సాగినంత దూరం తెచ్చి ఆమె చెవి దగ్గర పెట్టాడు. బయట జీపు బ్రేకు కీచుమంది.

"ముంజలు లేతగున్నయా?" అంది రఘుపతి గొంతు.

"ముదిరినయి సార్," అని సకీనా బోరున ఏడ్చింది.

పోలీసులు లోపలికొచ్చేసరికి పోచయ్య గోడవార కృష్ణయ్య రాళ్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

"కస్టమ్స్ ఆఫీసర్ ఏడో గడి దగ్గర ఆగిండు," అని రఘుపతి ఫోన్‌లో చెప్పుకుపోతున్నాడు. "కంపెనీ బీమా తీసుకున్నంక కార్డు బీమా చెల్లదు కద, చెల్లని బీమాకు నువ్వేం సర్వే చేసినవయ్యా అన్నడు. ఫ్రీమాన్ నోరు తెరిచిండు, మూసిండు. అప్పుడు పెట్టె విప్పిన్రు. అద్దం వెనక ఫిల్మ్ ఉండె. విమానం తలుపు మూసేందుకు ఇంక నాలుగు నిమిషాలే. షెడ్డు నంబరు లాడ్లీనే చెప్పింది. జల్ది చెయ్యండి, మోగితే సంపుతడు అని తనే అన్నది."

"ఆపా ఎట్లున్నది సార్?"

"అరెస్టు చేసినంక గొలుసు ఇచ్చింది, ఉంగరాలిచ్చింది. జబ్బ మీది ముడి మాత్రం విప్పనియ్యలే. పయనం పూర్తి కాలేదంటది."

మర్నాడు పొద్దున నల్లగొండలో బస్సు దిగి సందు తిరిగేసరికి ఇక్బాల్ బీ గుమ్మంలోనే ఉంది. కూతురి మణికట్ల మీది కమిలిన గీతలు చూసి చూడనట్టు ముడి విప్పింది. ఇద్దరూ దర్గా మెట్ల దగ్గర కూర్చునే ముసలమ్మకు బిళ్ళ ఇచ్చి వచ్చారు. ఇంటికి రాగానే తల్లి ఆకుపచ్చ గుడ్డ మడిచి పెట్టెలో పెట్టింది. దాని పక్కన, కట్టడానికి సిద్ధం చేసి కట్టకుండా మిగిలిన గుడ్డ ఇంకొకటి ఉంది. నాలుగేళ్లుగా దాన్ని ఎవరూ కదిలించలేదు.

వారానికి డిపార్ట్‌మెంట్ నుంచి టూర్ ఫారం వచ్చింది. సకీనా రెండుసార్లు చదివింది. వెనక పేజీ కూడా చదివింది. చివరి గడిలో 'ఈ ప్రయాణానికి బీమా ఉందా?' అని ఉంది.

ఉంది అన్నచోట టిక్కు పెట్టింది. బీమా సంస్థ పేరు అన్నచోట ఇలా రాసింది: ఇక్బాల్ బీ, నల్లగొండ.