ఎవరూ పలకని నాలుగో కాయ

తెనాలిలో దీపక్ సెల్‌ఫోన్ షాపు మీద ఒక రేకుల గది ఉంది. ఆదివారం పొద్దున పదయ్యేసరికి ఆ గదిలో మూడు కుర్చీలు, ఫ్లాస్కు నిండా టీ, గోడ మీద అట్టకు గుచ్చిన ఫొటోలు సిద్ధంగా ఉండేవి. ఎనిమిది నెలలుగా ముగ్గురు మనుషులకు అదే పని. తమ స్నేహితుడు గోపీకృష్ణను చంపిందెవరో తేల్చడం.

గోపీకృష్ణ పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరు. ముహూర్తాలు లేని రోజుల్లో రేపల్లె అవతల మడ అడవిలోకి వెళ్ళి పిట్టల్ని ఫొటోలు తీసుకునేవాడు. జనవరిలో ఒకరోజు అలా వెళ్ళినవాడు తల పగిలి, పాయ వంపులో మడచెట్ల వేళ్ళకు చిక్కుకుని కనిపించాడు. కెమెరా దొరకలేదు. కేసు ముందుకు కదల్లేదు.

దాంతో వీళ్ళు ముగ్గురూ నడుం కట్టారు. దీపక్‌కు యూట్యూబ్ ఛానెల్ ఉంది. జ్యోతిర్మయి బాపట్లలో రక్తపరీక్షల ల్యాబు నడుపుతుంది, రిపోర్టు చేతికొచ్చేదాకా దేన్నీ నమ్మదు. మూడోవాడు వేమూరు హనుమాన్‌ప్రసాద్. కాలువల శాఖలో ముప్ఫై ఆరేళ్ళు వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. నీళ్ళ ప్రస్తావన వస్తే ఎదుటివాడి నోరు మూయించందే ఆయనకు అన్నం సహించదు.

కేసు తేల్చింది కూడా ఆయన మాటే.

"శవం దొరికింది వంపులో. నీళ్ళు ఎటు పోతాయి? కిందికి. అంటే వంపుకు పైనెక్కడో పడేశారు. పైన పడవల రేవు ఉంది, అక్కడ ఎప్పుడూ జనమే. రేవుకీ వంపుకీ మధ్య ఉన్నది ఒక్కటే గుడిసె. పీతలు పట్టే ఆదాముది. ఇంకేం కావాలి?"

దీపక్ దగ్గర ఇంకో సాక్ష్యం ఉంది. రేవులో గోపీకృష్ణ బండి పక్కనే మడకొమ్మకు కట్టి ఉన్న ఆకుపచ్చ లుంగీ పీలిక. విప్పి జిప్ కవర్లో వేసి తెచ్చాడు. ఆదాము లుంగీ అదే రంగు.

"ఇద్దరూ కలిశారని తెలుస్తుంది. కలిస్తే చంపినట్టేనా?" అంది జ్యోతిర్మయి.

ఇద్దరి మాట ముందు ఒకరి మాట నెగ్గలేదు. పేరు చెప్పకుండా, 'పైన గుడిసెలో ఉండే పీతల మనిషి' అంటూ హనుమాన్‌ప్రసాద్ గొంతుతో వీడియో వెళ్ళింది. రెండు లక్షల మంది చూశారు.

వీడియోలో ఆయన చెప్పని సంగతి ఒకటుంది. మొదటిసారి చోటు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఎండకు కళ్ళు తిరిగి ఆ గుడిసె ముందు కూలబడ్డాడు. ఆదాము చెంబుతో మంచినీళ్ళిచ్చాడు. చుట్టూ ఉప్పునీళ్ళే, మంచినీళ్ళు ఊర్నించి క్యాన్లలో పడవ మీద రావాలి. అయినా చెంబు ఖాళీ అవగానే అడక్కుండానే మళ్ళీ నింపాడు. ఆ నీళ్ళు గుర్తొచ్చినప్పుడల్లా హనుమాన్‌ప్రసాద్ మనసును వేరే దేని మీదికో మళ్ళించుకునేవాడు.

సెప్టెంబరులో జ్యోతిర్మయి ఒక కబురు తెచ్చింది. వీడియో చూసిన కుర్రాళ్ళు బండ్లేసుకుని ఆదాము కోసం వెళ్ళారట. అతను దోనె ఎక్కి అడవి లోపలికి పారిపోయాడట. పదకొండు రోజులైంది, తిరిగి రాలేదు.

"నీళ్ళు కిందికే పోతాయని మీరు కాలువలో చూశారు బాబాయిగారూ. అది సముద్రపు పాయ. వెళ్ళి కొలిచి చూపించండి. మీది రైటయితే ఇంకెప్పుడూ మాట్లాడను."

ముప్ఫై ఆరేళ్ళ సర్వీసును ల్యాబు పిల్ల శంకించడమా! ఆయనకు రోషం వచ్చింది. "కొలుస్తానమ్మా, పదండి" అన్నాడు.

కాలువ వేగం కొలవడానికి ఆయనకు ఎండు కొబ్బరికాయలు చాలు. పైనున్నవాడు కాయ నీళ్ళలో వేసి 'వదిలా!' అని కేకేస్తాడు. కాయ తన ముందుకు రాగానే కిందున్నవాడు దాన్ని ఆపకుండా 'అందింది!' అని పలుకుతాడు. పలుకు రాకపోతే ఆ కాయ లెక్క తేలనట్టే. అది దొరికేదాకా ఎవరూ ఇంటికి పోకూడదని ఆయన తన కింద పనిచేసే లస్కర్లను నిలబెట్టేవాడు.

అమావాస్య మర్నాడు మధ్యాహ్నం ముగ్గురూ రేవు చేరుకున్నారు. కాయలు మూడు, ఒక్కోదాని మీద ఎర్ర పెయింటు పట్టీ. పడవ నడపడానికి దొరికింది ఒక నడివయసు ఆడమనిషి. పేరు ధనమ్మ అంది. ఎక్కేముందు వాళ్ళ మూడు చేతిరుమాళ్ళూ అడిగి తీసుకుని, తలో పీలిక చించి మడకొమ్మకు కట్టింది. తన కొంగులోంచి ఇంకోటి.

"లోపలికి ఎందరెళ్తే అన్ని కట్టాలండి. తిరిగొచ్చాక ఎవరిది వాళ్ళే విప్పుకోవాలి. ఒకళ్ళది ఒకళ్ళు ముట్టకూడదు" అంది.

అప్పటికే ఆ కొమ్మకు ఒక పీలిక వేలాడుతోంది. ఆకుపచ్చ లుంగీది.

"అది మా ఆయనదండి" అంది ధనమ్మ.

పడవ కదిలింది. దీపక్ తన సంచీలో ఉన్న జిప్ కవర్ మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. హనుమాన్‌ప్రసాద్ ధనమ్మను ఓరగా చూశాడు. ఈమె ఆదాము భార్య. తామెవరో ఈమెకు తెలుసా?

రెండు పక్కలా మడచెట్లు దగ్గరకొచ్చాయి. పట్టపగలు, అయినా లోపల సాయంత్రంలా ఉంది. వేళ్ళు నీళ్ళలోంచి బారులు బారులుగా పైకి లేచి ఉన్నాయి. నల్లటి బురద, కుళ్ళిన గుడ్ల వాసన. బురదలో ఎక్కడో టప్... టప్ మని బుడగలు పగులుతున్నాయి. పిట్ట కూత ఒక్కటీ వినపడలేదు. గోపీకృష్ణ పిట్టల కోసమే కదా ఇక్కడికి వచ్చేవాడని హనుమాన్‌ప్రసాద్‌కు అనిపించింది.

వంపు దగ్గర జాలర్లు వేసుకున్న వెదురు మంచె మీద దీపక్‌నీ, జ్యోతిర్మయినీ దింపారు. పడవ వెనక్కి తిరిగి, గుడిసె ముందు ఆగింది. గుడిసెలో ఎవరూ లేరు. క్యాను బోర్లించి ఉంది.

"వదిలా!" అని కేకేశాడు హనుమాన్‌ప్రసాద్.

కాయ వంపు వైపే సాగింది. కాసేపటికి దూరంగా దీపక్ గొంతు, "అందింది!"

రెండోది. మూడోది. మూడూ అందాయి. హనుమాన్‌ప్రసాద్ గుండె కుదుటపడింది. "చూశావా, కిందికే" అన్నాడు ధనమ్మతో, గెలిచినవాడిలా.

"ఉండండి బాబుగారూ. ఇంకా పాటు నడుస్తోంది, నీళ్ళు సముద్రంలోకి దిగుతున్నాయి. పోటు ఎక్కనివ్వండి."

ఆమె తెడ్డు ఒళ్ళో పెట్టుకుని ఆయన ముఖంలోకి చూసింది.

"మీ గొంతు నేనెరుగుదునండి. ఫోన్లో విన్నాను. రేవులో మీరు పలకరించగానే తెలిసింది."

హనుమాన్‌ప్రసాద్ దొరికిపోయిన దొంగలా తల దించుకున్నాడు.

"ఆ ఫొటోల బాబు దగ్గర కట్టడానికి గుడ్డముక్క లేదంటే మా ఆయనే తన లుంగీ చించి కట్టాడు. పీలిక చింపిచ్చిన చేత్తో చంపుతాడా అండి? మీరే కళ్ళారా చూస్తారనే తీసుకొచ్చా. చూడండి."

మధ్యాహ్నం మూడు గంటలు దాటింది. నీళ్ళు ఆగిపోయాయి. ఆకు కూడా కదలని నీళ్ళు... పావుగంట అలాగే. తర్వాత నురగ తెట్టు ఒకటి మెల్లగా, వచ్చిన దారినే వెనక్కి మళ్ళింది. పాయ పైకి పారుతోంది. ముందు నెమ్మదిగా, తర్వాత జోరుగా.

వంపు తిరిగి ఎర్రపట్టీ కాయ ఒకటి కనిపించింది. అది గుడిసె వైపు వస్తోంది. గుడిసెను దాటి పైకి పోయింది. దాని వెనక రెండోది. మూడోది.

ముప్ఫై ఆరేళ్ళ సర్వీసు ఆయన కళ్ళముందే వెనక్కి పారింది. శవం సముద్రం వైపు నుంచి కూడా వచ్చి ఉండొచ్చు. ఎక్కణ్ణించైనా వచ్చి ఉండొచ్చు. తన మాట పట్టుకుని ఒక మనిషిని తరిమేశారు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

అప్పుడే వినిపించింది.

"అందింది..."

దీపక్ కాదు. దీపక్ కింద ఉన్నాడు. ఈ గొంతు పై నుంచి వచ్చింది, మడచెట్ల లోపల్నుంచి, కాయలు పోయిన వైపు నుంచి.

"అందింది..."

తడిసిన గొంతు. నోట్లో నీళ్ళున్నవాడు మాట్లాడినట్టుంది.

"అందింది..."

మూడు కాయలు. మూడు పలుకులు. తర్వాత ఏమీ లేదు. టప్... టప్... బురద బుడగలు.

"ఎవరది?" అని గుసగుసగా అడిగాడు.

ధనమ్మ అప్పటికే వంపు వైపు చూస్తోంది. అక్కడ ఇంకో కాయ వస్తోంది. నాలుగోది. ఎర్రపట్టీ లేదు. నాచు పట్టి నల్లగా ఉంది. దాని చుట్టూ ఆకుపచ్చ పీలిక, ముడి వేసి ఉంది.

అది పడవ పక్కగా వచ్చింది. క్షణం ఆగింది... పారే నీళ్ళలో ఆగింది. తర్వాత పైకి పోయింది.

దానికి ఎవరూ పలకలేదు.

మంచె మీది ఇద్దర్నీ ఎక్కించుకుని తిరిగొచ్చేటప్పుడు ఎవరూ వెనక్కి చూడలేదు. రేవులో ఎవరి పీలిక వాళ్ళు విప్పుకున్నారు. ఆకుపచ్చది లేదు. కొమ్మ మీద అది ఉన్నచోట తడి మాత్రం ఉంది.

"విప్పుకున్నాడు. వచ్చేశాడు" అంది ధనమ్మ. ఆమె ముఖంలో సంతోషం రాలేదు. "మరి నా దగ్గరకి రాలేదేంటండి?" అని ముగ్గుర్నీ ఒక్కొక్కరినే చూసి, హనుమాన్‌ప్రసాద్ దగ్గర ఆగింది. "బాబుగారూ, ఫోన్లో ఆ మాట మీరన్నదే. మీరే వెనక్కి తీసుకోవాలి."

"రేపే చెప్తానమ్మా" అన్నాడు.

భట్టిప్రోలు దాటేదాకా కారులో గొడవే. ఈ రాత్రికే వీడియో తీసేయాలని జ్యోతిర్మయి పట్టుబట్టింది. దీపక్ రెండు లక్షల వ్యూస్ అని నసిగాడు. చివరికి ఇద్దరూ హనుమాన్‌ప్రసాద్ వైపు చూశారు. ఆయన గొంతుతో పోయిన మాట, ఆయనే తప్పని చెప్పాలి. ఊళ్ళో ముఖమెలా ఎత్తుకుని తిరగాలి? "రెండ్రోజులు ఆగుదాం" అన్నాడు.

ఆయన ఇంటి వెనకే కాలువ. మర్నాడు పొద్దున పళ్ళు తోముకుంటూ మెట్ల మీద నిలబడితే, దూరంగా వంతెన కింద నల్లటిది ఒకటి కనిపించింది. వంతెన ఇంటికి పల్లం వైపు ఉంది. నీళ్ళు ఇటు నుంచి అటు పోతున్నాయి. ఆ నల్లటిది మాత్రం అటు నుంచి ఇటు చూస్తున్నట్టు నిలబడి ఉంది. ఆయన లోపలికి వచ్చి తలుపేసుకున్నాడు.

రెండో రోజు అది పక్కింటి వీరరాఘవయ్య గారి రేవు దగ్గరుంది.

మూడో రోజు ఆయన మెట్లకే ఆనుకుని ఉంది. నాచు, ఆకుపచ్చ పీలిక, ముడి. కాలువ నీళ్ళు దాన్ని తోస్తున్నాయి. అది కదలడం లేదు. ఉప్పు బురద వాసన గుప్పుమంది.

హనుమాన్‌ప్రసాద్ మెట్ల మీద కూర్చుండిపోయి, ఫోను తన ముఖానికి ఎదురుగా పెట్టుకున్నాడు. "నేను చెప్పింది తప్పు. పాయలో నీళ్ళు రెండు వైపులా పారతాయి, నాకు తెలీదు. తెలుసనుకున్నాను. ఆదాము ఏ పాపం ఎరగడు. నాకు మంచినీళ్ళిచ్చాడు. నాదే తప్పు..." ఏడుస్తూనే అంతా చెప్పి దీపక్‌కు పంపించాడు. గుండె మీది బరువు దిగినట్టయింది.

ఐదు నిమిషాలకు ఫోను మోగింది.

"బాబాయ్, పెట్టేస్తున్నా. జ్యోతిర్మయి గారికి కూడా చెప్పా. కానీ..." దీపక్ గొంతు తగ్గించాడు. "చివర్లో మీరు నాదే తప్పు అన్నాక, పక్కనుంచి ఎవరో 'అందింది' అన్నారు. ఎవరున్నారు మీ దగ్గర?"

హనుమాన్‌ప్రసాద్ కిందికి చూశాడు. కాయ మెల్లగా పల్లానికి కొట్టుకుపోతోంది, అన్ని కాయల్లాగే. దాని మీద పీలిక లేదు.

లోపల్నుంచి భార్య కృష్ణవేణి పిలిచింది.

"ఏవండీ... మీ కోసం ఎవరో వచ్చారు. మంచినీళ్ళడిగితే ఇచ్చాను. ఇది మూడో చెంబండీ. ఇంకా దాహం తీరలేదంటున్నాడు... మీరొకసారి లోపలికి రండి."