తీగమీద ఆరేసిన పొరలు

మంచి పనే చేశాననుకున్నాను. కొత్త మెషిన్‌లోని ఎనిమిది వడపోత పొరలనూ విప్పి, కడిగి, పెరట్లో తీగమీద క్లిప్పులు పెట్టి ఆరేశాను. మాది పళ్లరసం తీసే ఫ్యాక్టరీ. వడపోత గుడ్డలను రోజూ అలాగే ఆరేస్తాం. తడిగా వదిలేస్తే బూజు పడుతుంది.

సోమవారం పొద్దున, ఆ మెషిన్ తెచ్చిన ల్యాబ్ అమ్మాయి వచ్చింది. తీగను చూసి అక్కడే ఆగిపోయింది. హెల్మెట్ కూడా తియ్యలేదు.

"ఇవెవరు ఆరేశారు?"

"నేనే." థ్యాంక్స్ చెబుతుందేమోనని కాస్త నిటారుగా నిలబడ్డాను.

"వీటికి కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. ఎండితే మూసుకుపోతాయి. ఎప్పుడూ తడిగానే ఉంచాలి. ఎనిమిదీ చచ్చాయి!"

"మురికిగా ఉన్నాయని..."

"నా నోట్‌బుక్ కూడా మురికిగానే ఉంది. ఉతికెయ్యకపోయారా?"

ప్యాకింగ్ గదిలో ఆడవాళ్లు పగలబడి నవ్వారు. ఆ రోజు నుంచి నా పేరు లాండ్రీ.

ఇన్నాళ్లూ మేం దానిమ్మ తొక్కలను లారీకెత్తి పారబోసేవాళ్లం. వాటిని వేడినీళ్లలో నానబెడితే వచ్చే కషాయంలో మందుల కంపెనీకి కావలసిన సరుకు ఉందట. నీళ్లు ఇగరబెడదామంటే సరుకు మాడిపోతుంది. ఈ మెషిన్‌లో పంపు పెట్టి పొరలమీదుగా పారిస్తే, నీళ్లు అవతలికి పోయి సరుకు ఇవతలే చిక్కబడుతుంది. అది ఆ అమ్మాయి మూడేళ్ల కష్టం.

ఫ్యాక్టరీ మా పెద్దమ్మది. నేను ఆమె దగ్గర పంపులు చూసుకుంటాను. ఆ అమ్మాయితో పెద్దమ్మ ఒక్కటే మాట చెప్పింది.

"శనివారంలోగా రెండొందల లీటర్లను పది లీటర్లు చేసి చూపించమ్మా. లేదంటే మెషిన్ వెనక్కి. దాంతోపాటు నువ్వూ."

మిగిలింది ఒక్క సెట్టు పొరలు.

మంగళవారం ల్యాబ్ అమ్మాయి వాటిని బిగించింది. సాయంత్రానికి అవతల పడే ధార చుక్కలైంది. ప్రెజర్ పెంచింది. చుక్కలు కూడా ఆగాయి. బుధవారం కడిగి మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అంతే. బయట వాన. ఆమె గేజ్ ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. మోచేత్తో కళ్లు తుడుచుకుంది. చూడనట్టు ఉందామనుకున్నాను. చేతకాలేదు.

"పంపు మూలుగుతోందండి."

"మీరు ముట్టుకోకండి."

"ముట్టుకోను. చేతులు వెనక్కి కట్టుకున్నాను, చూడండి. చెప్పొచ్చా?"

"చెప్పండి. అది కూడా మీరే చెప్పాలి!"

"తొక్కలో జిగురుంటుంది. మీరు కషాయం వేడి తగ్గగానే పోసేస్తున్నారు. రేపటిదాకా కదపకుండా ఉంచితే జిగురు అడుక్కి దిగుతుంది. పైతేట గుడ్డలో వడకట్టి పొయ్యాలి. ప్రెజర్ పెంచితే ఆ జిగురు ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. తగ్గించండి. నెట్టకూడదండి, పారనివ్వాలి."

"ఏం చదివారు మీరు?"

"గుడ్డలు."

నవ్వింది. మూడు రోజుల్లో అదే మొదటి నవ్వు. నేను ఇంకేదో చెప్పబోయి మర్చిపోయాను.

గురువారం గుడ్డను మూడు మడతలు వేసి ఒక అంచు నేను, ఒక అంచు ఆమె పట్టుకున్నాం. కషాయం కిందికి దిగుతోంది. నేను మాత్రం పైకే చూస్తున్నాను.

"లాండ్రీ గారూ, కింద చూడండి. కాలిమీద పోస్తున్నారు."

పంపు వేశాం. ప్రెజర్ సగానికి తగ్గించింది. అవతల ధార మొదలైంది. సన్నగా. గంటయ్యింది, ఆగలేదు. మర్నాడు కూడా ఆగలేదు. ఆమె ధార కింద అరచెయ్యి పెట్టి, ఆ నీళ్లు నా మొహాన చిలకరించింది.

శనివారం పెద్దమ్మ వచ్చింది. ఒక గ్లాసులో తేట నీళ్లు. ఒక జాడీలో పది లీటర్ల ముదురు చిక్కదనం. వేలు ముంచి నాకి మొహం చిట్లించింది.

"అబ్బా, వగరు! నాలుక పిడచకట్టుకుపోయింది."

"ఆ వగరే కావాలటండీ," అంది ఆమె. చేతిలో మందుల కంపెనీ కాగితం. నిన్న పంపిన శాంపిల్‌లో సరుకు చెడలేదు, ఏడాది పొడవునా పంపమని రాశారు.

ప్యాకింగ్ గది ఈలలతో దద్దరిల్లింది.

"శభాష్! మెషిన్ ఇక్కడే ఉంటుంది. నీ పనైపోయిందిగా, ఇక వెళ్లిరామ్మా," అంది పెద్దమ్మ, నావైపు ఓరగా చూస్తూ.

పెద్దమ్మ ముందు ఎప్పుడూ నోరు విప్పనివాణ్ని, విప్పాను.

"పొరలు రోజూ తడిగా చూసుకోవాలి పెద్దమ్మా. ఆదివారాలు కూడా. నా ఒక్కడివల్లా కాదు. ఆవిణ్ని ఉండమను."

"నీ కోసమా, పొరల కోసమా?"

"నా కోసమే."

ఈలలు ఆగిపోయాయి. ఆమె వెళ్లడానికి చేతిలోకి తీసుకున్న హెల్మెట్‌ను మళ్లీ జాడీ పక్కన పెట్టింది.

"ఈయన్ని ఒంటరిగా వదిలితే రిస్కండీ. మళ్లీ ఏది ఆరేస్తారో! నేనుంటాను."

"ఎన్నాళ్లు?"

"ఈయనకి బుద్ధొచ్చేదాకా."

"అయితే జన్మంతా ఉండాల్సిందే," అని పెద్దమ్మ మా ఇద్దరి చేతులూ కలిపి పట్టుకుంది. "మీ వాళ్లతో నేను మాట్లాడతాను."

ఇప్పటికీ మా ఇంట్లో బట్టలు ఆరేసేది నేనే. మొదటిది తీగమీద వేసేముందు లోపలికి కేకేస్తాను.

"ఏమేవ్, ఇది ఆరేయొచ్చా?"

"వెయ్యండి, లాండ్రీ గారూ!"